కేకకు ముందు పేరు

"ఆ నల్లావిడ చేత పాడించెయ్యండి సుభద్రగారూ, గొడవొదిలిపోతుంది," అన్నాడు జగన్మోహనరావు, సమోసా కొరుకుతూ.

మైకు వైరు చుట్ట చుడుతున్న సుభద్ర చేతులు ఆగిపోయాయి. సింగపూరులో, క్లెమెంటి కమ్యూనిటీ క్లబ్బు రిహార్సల్ గది అది. తలుపులు మూసిన గదిలో సమోసాల నూనె వాసన, పిల్లల చెమట వాసన కలిసిపోయి ఉన్నాయి. 'మకరందం' అనే తెలుగు సంఘానికి జగన్మోహనరావు అధ్యక్షుడు. వచ్చే ఆదివారం మహిళా దినోత్సవం. ఆడపిల్లల డాన్సు మెడ్లీ ఒక కేకతో మొదలవ్వాలని ఆయనకి పట్టుదల.

డాన్సు పాటలు విన్నవాళ్ళెవరికైనా ఆ కేక తెలుసు. కడుపులోంచి లేచి, గొంతు దగ్గర ఒక్కసారి విరిగి, విరిగిన చోటు నుంచే మళ్ళీ పైకి పోతుంది. ఎనభైల చివర్లో వచ్చిన ఇంగ్లీషు పాటలోది. దాని తర్వాత అలాంటి కేక లేకుండా డాన్సు పాట చెయ్యడం ఎవరికీ చేతకాలేదు. మనవాళ్ళయితే తీన్మార్ కింద కలిపేసి బరాతుల్లో కూడా వాయిస్తున్నారు. ఆ కేకని సుభద్ర కూతురు రుచిత స్టేజీ మీద లైవ్‌గా పాడాలి. పదిహేడేళ్ళ పిల్ల, డాన్సు బ్రహ్మాండంగా చేస్తుంది, గొంతు మాత్రం అంత పైకి పోదు. పొద్దుట్నుంచీ ప్రయత్నించి ప్రయత్నించి ఇప్పుడు ఒక మూల కూర్చుని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది.

"ఆవిడకి పేరుందండీ. మిస్ ఒపాల్," అంది సుభద్ర.

"అదేనమ్మా, ఆవిడే."

నోరు జారింది తనే. ఇందాక టీ తాగుతూ, ఆ కేక వేసిన మనిషి యీషున్‌లో మా బ్లాకులోనే ఉంటారు అని గొప్పగా చెప్పింది. ఎవరూ నమ్మలేదు. జగన్మోహనరావు భార్య సూర్యకుమారి ఫోనులో ఆ పాట వీడియో తీసింది. వెండి రంగు గౌనులో, జామకొమ్మలాంటి పిల్ల ఒకతి నోరు తెరుచుకుని చేతులు పైకెత్తుతోంది.

"పాడింది ఈ పిల్ల కదా సుభద్రా? మీ బ్లాకులో ఆవిడేంటి?"

"ఈ పిల్ల పెదాలు కదిపిందంతే. గొంతు ఆవిడది. పాట మీద ఆవిడ పేరు ఎక్కడా వెయ్యలేదు."

"ఓస్, ఇంతేనా!" జగన్మోహనరావు చేతులు దులుపుకున్నాడు. "మన సినిమాల్లో హీరోయిన్లు పాడుకుంటారా ఏంటి? ప్లేబ్యాక్ అమ్మా, ప్లేబ్యాక్. అందులో అన్యాయమేముంది? ఆవిడ చేత రికార్డు చేయించండి, మన రుచిత పెదాలు కదుపుతుంది. ఊరికే వద్దులెండి, శాలువా కప్పేద్దాం. మహిళా దినోత్సవం, పైగా నల్లజాతి వనిత. ఫోటో అదిరిపోతుంది."

ఫోటో అదిరిపోతుందన్న మాటకి సుభద్ర ఆయన మొహంలోకి చూసింది. ఆ నోట్లోనే సమోసా నలుగుతోంది. కాదు పొమ్మందామనుకుంది. మూల కూర్చున్న పిల్ల, ఎర్రబడ్డ కళ్ళతో తల్లి వైపే చూస్తోంది. ఆ పిల్ల కోసం "అడిగి చూస్తాను," అంది.

మర్నాడు సుభద్ర తంజోంగ్ పగార్‌లోని బ్యాంకు ఆఫీసుకి వెళ్ళే రోజు కాదు, ఇంటి నుంచే పని. పొద్దున్నే కిందికి దిగింది. బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో పెద్దవాళ్ళు వ్యాయామం చేస్తున్నారు. ట్రైనరమ్మాయి చక్రాల స్పీకరు పెట్టి, ముందు నిలబడి, చైనీసులోనూ మలయ్‌లోనూ గట్టిగా లెక్కపెడుతోంది. స్పీకర్లో వస్తున్నది అదే పాట. ఆ పాటని అక్కడ వారానికోసారైనా వేస్తారు.

ఆఖరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో మిస్ ఒపాల్ ఉంది. భారీ మనిషి. డెబ్భై దాటాయి. మోకాళ్ళు సహకరించవు, అందుకని కూర్చునే చేతులు ఊపుతుంది. అమెరికాలో పుట్టి, హోటల్లో పాడటానికి ఈ ఊరొచ్చి, ఇక్కడి డ్రమ్మరునే పెళ్ళి చేసుకుని, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. కేక రాబోతోందనగా ఆవిడ భుజాలు లేచాయి. ఊపిరి నిండా తీసుకుంది. కేక స్పీకర్లోంచి వచ్చింది. ఆవిడ నోరు మూసుకునే ఉంది. భుజాలు నెమ్మదిగా దిగాయి.

సుభద్ర ఆవిడ సంగతి కనిపెట్టింది ఈ భుజాల్ని చూసే. ఒకసారి ఉండబట్టలేక, "మీకీ పాటంటే ఇష్టమా?" అని అడిగితే, "ఏమో హనీ, నేనెప్పుడూ వినలేదు," అంది ఆవిడ. "మొదలవగానే నా ఒళ్ళు పాడటానికి లేస్తుంది. పాడేవాళ్ళకి వినడం కుదరదు."

వ్యాయామం అయ్యాక ఇద్దరూ పక్కనున్న హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య బల్ల దగ్గర కూర్చున్నారు. మిస్ ఒపాల్ కాఫీలో చెంచా తిప్పుతూ అంతా విన్నది. ఆవిడ మాట్లాడే ఇంగ్లీషులో అమెరికా సగం, సింగపూరు సగం. ముఖంలో ఏమీ మారలేదు. ఆ మారకపోవడం చూసి సుభద్రకి బెదురు పుట్టింది. ఏదో ఒకటి అనాలని, "మా సినిమాల్లో కూడా ఒకరు పాడతారు, ఇంకొకరు పెదాలు కదుపుతారు," అంది. అన్నాక నాలుక కొరుక్కుంది. జగన్మోహనరావు మాటే తన నోట్లోంచి వచ్చింది.

"ఆ పాడినవాళ్ళ పేరు మీ జనానికి తెలుసా?"

"తెలియకపోవడమేంటి? చంటిపిల్లలకి కూడా తెలుసు. పోస్టరు మీద వేస్తారు. చనిపోతే ఊరూరా దండలు వేస్తారు."

"మరి నాదీ దానిలాంటిదే అంటావేం?" అంది మిస్ ఒపాల్. కోపంగా కూడా అనలేదు. చెంచా తీసి సాసర్లో పెట్టింది. "ఎవరో వచ్చి ఒక మధ్యాహ్నం నా చేత కేకలు వేయించుకుని పోయారు. రేడియోలో వచ్చేదాకా పాటలో పెట్టారని నాకే తెలియదు. మా ఆయన ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళు. చెప్పడం మానేశాడు."

సుభద్ర తల వంచుకుంది.

"మీ అమ్మాయి కోసం పాడతాను. మంచిపిల్ల, లిఫ్టులో నా సంచులు మోస్తుంది. ఒక్కటే. కేకకి ముందు నా పేరు చెప్పాలి. మైకులో. అందరికీ వినబడేలా. శాలువా మీరే ఉంచుకోండి."

సుభద్ర అక్కడే జగన్మోహనరావుకి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి చెప్పింది. "ఓ, డెఫినెట్లీ మేడమ్! మస్ట్ అండ్ షుడ్!" అని ఆయన అటునుంచి అరిచిన అరుపుకి పక్కబల్ల వాళ్ళు తిరిగి చూశారు. మిస్ ఒపాల్ ఫోను వైపు కాదు, సుభద్ర వైపు చూసింది. "నువ్వు కూడా మాటివ్వు," అంది. సుభద్ర ఇచ్చింది.

మధ్యాహ్నం సుభద్ర పడకగదిలోనే రికార్డింగు. సంఘంలో సౌండు పనంతా ఆమెదే, ఇంట్లో సామాను ఉంది. బీరువా తలుపులు బార్లా తెరిచి పట్టుచీరల ముందు మైకు పెట్టింది. గోడల ప్రతిధ్వనిని చీరలు మింగేస్తాయి. కిటికీకి బొంత కట్టింది. ఫ్యాను ఆపింది, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసింది. రుచిత కాలేజీ యూనిఫారంలోనే వచ్చి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

మిస్ ఒపాల్ చెప్పులు విడిచి, గోరువెచ్చని నీళ్ళు తాగి, ఒక చేత్తో బీరువా తలుపు పట్టుకుంది.

"ఒపాల్ హేస్టింగ్స్. టేక్ వన్," అంది మైకులోకి.

అంతలో పై ఫ్లాటులో ఎవరో కుర్చీ బరబరా లాగారు. సుభద్ర చెయ్యెత్తి ఆపింది. ముగ్గురూ పైకప్పు వంక చూస్తూ ఆగారు. చప్పుడు సద్దుమణిగింది.

"ఒపాల్ హేస్టింగ్స్. టేక్ టూ."

ఊపిరి తీసుకుంది. కేక వేసింది.

చీరలు మింగగలిగిన కేక కాదది. వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, పాదాల దగ్గర్నుంచి తోడుకొచ్చినట్టు వేసింది. విరిగే చోట మునుపటికన్నా ఎక్కువ విరిగింది. వయసు తెలిసింది. అయినా అక్కడి నుంచే లేచి పైకి పోయింది. రుచిత రెండు చేతులతో నోరు మూసుకుంది.

"వా... సీరియస్లీ," అంది. లేచి దగ్గరికెళ్ళింది. మిస్ ఒపాల్ దాని అరచెయ్యి తీసుకుని తన పక్కటెముకల మీద పెట్టుకుంది. "గొంతులో కాదు, ఇక్కడ," అని ఇంకోసారి ఊపిరి తీసి చూపించింది. పిల్ల చెయ్యి ఆ ఊపిరితో పాటు జరిగింది.

"మీ పేరు ప్రతిసారీ ఎందుకు చెప్తారు, మిస్ ఒపాల్?"

"అలవాటు. స్టూడియోలో టేపులు గుట్టలుగా పడి ఉంటాయి. పేరు చెప్పకపోతే ఏ గొంతు ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?"

"బట్ దే స్టిల్ కట్, రైట్?"

"చెప్పడం నా పని. కత్తిరించడం వాళ్ళ పని," అని ఆవిడ చెప్పులు తొడుక్కుంది. ఆదివారం ఏ రంగు బట్టలు వేసుకుంటే బాగుంటుందని వెళుతూ వెళుతూ అడిగింది. ఊదా రంగు గౌను ఉందట, చాలా ఏళ్ళుగా బయటికి తియ్యలేదట.

ఆవిడ వెళ్ళాక సుభద్ర హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలోకి దిగింది. మెడ్లీ ముందు కేకని అతికించాలి. మొదట్లో ఉన్న మాటల్ని మౌసుతో పట్టి నొక్కేసింది. ఊపిరి చప్పుడు కూడా డాన్సు బీటుకి అడ్డొస్తోందని దాన్నీ నొక్కేసింది. చకచకా అయిపోయింది.

"అమ్మా, యూ కట్ హర్ నేమ్," అంది వెనక నుంచి రుచిత.

"ఎడిటింగ్ అంటే అంతేనే. ఎవరైనా అలాగే..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఎవరైనా అలాగే చేస్తారు. ఆ రోజు ఆ స్టూడియోలో కూర్చున్నవాడు కూడా ఇలాగే, టీ చల్లారేలోపు, ఏ పాపభయం లేకుండా నొక్కి ఉంటాడు. సుభద్రకి తన వేలి వంక చూసుకుంటే వెగటు పుట్టింది. సర్లే, యాంకరింగు చేసేది సూర్యకుమారి, మైకులో పేరు చెబుతుందిగా అని సర్దిచెప్పుకుంది. కత్తిరించిన ఫైలు పంపింది. కత్తిరించనిదానికి కూడా మెడ్లీ అతికించి, ఎందుకైనా మంచిదని లాప్‌టాప్‌లోనే ఉంచుకుంది. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు. 'మన రుచిత గొంతు సూపర్' అని ఎవరో పెట్టారు. అది రుచిత గొంతు కాదని గ్రూపులో ఎవరూ అనలేదు. జగన్మోహనరావు ఆ మెసేజీకి బొటనవేలు పైకెత్తాడు.

శనివారం హాల్లో ఆఖరి రిహార్సలు. గుమ్మంలోనే నిలువెత్తు పోస్టరు. 'నారీ నీరాజనం' అని పైన, కింద రుచిత ఫోటో, పక్కన 'లైవ్ సింగింగ్'. సుభద్ర దాని ముందు నిలబడిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే పెద్దలు ఊరికే అనలేదు. పైగా ఆ సోకు తన కూతురిది.

సూర్యకుమారి చేతిలోని కార్యక్రమం కాగితంలో మెడ్లీ ముందు మిస్ ఒపాల్ పేరు లేదు.

"మెడ్లీ ముందు చెప్తే ఎలా సుభద్రా? అప్పుడు మన పిల్ల పాడట్లేదని తెలిసిపోదూ?" సూర్యకుమారి గొంతు తగ్గించింది. "సన్మానంలో చెప్తాలే."

"కేకకి ముందని మాటిచ్చాం."

"మాటిచ్చాం, నిజమే. తప్పామా? శాలువా కప్పుతున్నాం, మెమెంటో ఇస్తున్నాం, ముందు వరసలో కూర్చోబెడుతున్నాం. ఇంకేం కావాలమ్మా?" అని జగన్మోహనరావు అందుకున్నాడు. "ఆవిడకి తెలుగు వచ్చా చచ్చా? ఎక్కడ చెప్పామో ఎలా తెలుస్తుంది?"

పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. సుభద్ర గట్టిగా అడగాల్సింది. అడగబోయింది కూడా. ఆయన అప్పటికే ఫోన్లో స్పాన్సరుతో మాట్లాడుతున్నాడు. హైదరాబాదు శివార్లలో విల్లాలు కట్టి అమ్మే మనిషి ఆ స్పాన్సరు. అతని ప్రసంగానికి మాత్రం కార్యక్రమంలో రెండు చోట్ల జాగా దొరికింది.

సూర్యకుమారి ఒక హెడ్‌సెట్ మైకు తెచ్చి సుభద్ర చేతిలో పెట్టింది. "దీంట్లో బ్యాటరీ తీసెయ్. రుచిత చెంపకి అంటిస్తే లైవ్ లాగే ఉంటుంది." సుభద్ర బ్యాటరీ తీసింది. తీస్తున్నప్పుడు తనమీద తనకే ఎంత రోత పుట్టిందో చెప్పలేం. అయినా తీసింది.

ఆదివారం మిస్ ఒపాల్ అందరికన్నా ముందొచ్చింది. ఊదా గౌను, ఊదా టోపీ, తెల్లని చేతిసంచి. జుట్టు పార్లరులో చేయించుకుంది. ముందు వరసలో కూర్చోబోతే వలంటీరు వచ్చి అది వీఐపీలదన్నాడు. రెండో వరస కుర్చీల మీద ఒకదాని మీద చున్నీ, ఒకదాని మీద టిష్యూ పొట్లం, ఒకదాని మీద చంటిదాని పాలసీసా పెట్టి అప్పటికే చోప్ చేసి జాగా పట్టేసుకున్నారు. మూడో వరసలో కూర్చుంటే ఎవరో ఆంటీ వచ్చి, మా ఫ్యామిలీ అంతా కలిసి కూర్చోవాలండీ అని లేపింది. ఆవిడ ప్రతిసారీ చేతుల మీద బరువేసి లేచింది. మోకాళ్ళ నొప్పి మొహంలో కనబడనివ్వలేదు. చివరికి నడవ పక్కన ఒక కుర్చీ దొరికింది. హాలు వెనక సౌండు బల్ల దగ్గర నుంచి ఇదంతా చూస్తున్న సుభద్ర, పరుగెత్తుకెళ్ళేలోపే ఎవరో "సౌండ్! సౌండ్!" అని స్టేజీ మీద నుంచి కేకేశారు.

దీపం వెలిగించారు. ప్రసంగాలయ్యాయి. స్పాన్సరు మాట్లాడాడు. బిర్యానీ చేసినాయనకి, పూలు తెచ్చినావిడకి, ఫోటోలు తీసేవాడికి, పార్కింగు చూసినవాడికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. స్పాన్సరు మళ్ళీ మాట్లాడాడు. అప్పుడు సన్మానం.

"ఇప్పుడు ఆఫ్రికా నుంచి మన మధ్యకి విచ్చేసిన ఆంటీగారిని వేదిక మీదకి సాదరంగా ఆహ్వానిస్తున్నాం!" అంది సూర్యకుమారి.

ఆఫ్రికా ఏంటి? సుభద్ర బల్ల అంచు పట్టుకుంది.

మిస్ ఒపాల్ మెట్లెక్కింది. సూర్యకుమారి సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టింది. అది పోయిన ఏడాది కూచిపూడి మాస్టారమ్మకి రాయించినది. పేరు చోట చుక్కలు పెట్టి మళ్ళీ అచ్చు వేయించారు. కొత్త పేరు నింపే తీరిక ఎవరికీ లేకపోయింది. సూర్యకుమారి చుక్కల్ని చుక్కల్లాగే చదివేసింది. "శ్రీమతి... గారికి. నాట్యమయూరీ! మీ కాలిగజ్జెల సవ్వడితో సింగపూరు తెలుగువారి హృదయాలు పులకించినవి..."

హాల్లో ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ ఉలిక్కిపడలేదు. వినడంలేదు కాబట్టి. నాలుగు వందలమంది ఫోన్లు చూసుకుంటున్నారు. ఛీ, కనీసం నవ్వినా బాగుండేది, విన్నారని తెలిసేది.

మిస్ ఒపాల్ మాత్రం వింటోంది. తల కాస్త పక్కకి వంచి, అర్థంకాని ఆ భాషలో తన పేరు ఎప్పుడొస్తుందా అని ఒక్కో వాక్యం వెనకా ఆగుతోంది. పత్రం అయిపోయింది. శాలువా పడింది. జగన్మోహనరావు ఆవిడ భుజం పట్టుకుని కెమెరా వైపు తిప్పాడు. ఫోటో అయ్యింది. రెండు మాటలు చెబుదామని ఆవిడ మైకు వైపు చెయ్యి చాచింది. ఆయన నవ్వుతూ మైకు ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుని, "టైమ్ షార్ట్ మేడమ్, టైమ్ షార్ట్," అన్నాడు. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఉండి, వెనక్కెళ్ళి శాలువా సర్దుకుంది.

తరవాతిది మెడ్లీ. చెంపకి మైకు అంటించుకోవడానికి రుచిత సౌండు బల్ల దగ్గరికొచ్చింది. ఎర్రచీర కట్టి, నుదుట పెద్దబొట్టు పెట్టారు. సుభద్ర టేపు ముక్క చింపి ఆ చచ్చిన మైకుని కూతురి చెంపకి అంటించింది.

"దే సెడ్ హర్ నేమ్ ఆ? నేను వెనకాల డ్రెస్సింగులో ఉన్నా, వినబళ్ళేదు."

"చెప్పలేదు."

రుచిత నడవ వైపు చూసింది. ఊదా టోపీ అక్కడి నుంచి కనబడుతోంది. "బట్ యూ ప్రామిస్డ్, వాట్," అంది. ఇంకేమీ అనకుండా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది.

హాల్లో లైట్లు తీశారు. లాప్‌టాప్ తెర మీద రెండు ఫైళ్ళు పక్కపక్కన ఉన్నాయి. పేరున్నది, పేరు లేనిది. పేరున్నది వేస్తే స్టేజీ మధ్యలో ఒంటరిగా నిలబడ్డ పిల్ల పరువు పోతుంది. లైవ్ అని పోస్టరు వేశారు. ఫోన్లన్నీ అప్పుడే పైకి లేస్తున్నాయి, రేపు కాలేజీలో కూడా చూస్తారు. పేరు లేనిది వేస్తే ఎవరికీ ఏమీ కాదు. ఆవిడ శాలువా కప్పుకుని బస్సెక్కి యీషున్ వెళ్ళిపోతుంది, వారానికోసారి ప్లాస్టిక్ కుర్చీలో భుజాలెత్తుతుంది, అంతే. ఏది వేసినా ఒకరి నోరు నొక్కినట్టే. ఇన్నేళ్ళూ నొక్కినవాళ్ళందరికీ వాళ్ళవాళ్ళ కారణాలు ఉండే ఉంటాయి. పిల్లల మీద ప్రేమ కూడా ఉండే ఉంటుంది.

స్పాట్‌లైటు వెలిగింది. రుచిత చేతులు పైకెత్తి, నోరు తెరవడానికి సిద్ధంగా నిలబడింది. సుభద్ర పేరున్న ఫైలు నొక్కింది.

"ఒపాల్ హేస్టింగ్స్. టేక్ టూ."

ముసలి గొంతు హాలంతా నిండింది. తరవాత ఊపిరి చప్పుడు. పెద్ద స్పీకర్లలో ఆ ఊపిరి మరీ దగ్గరగా వినబడింది. ఫోను చూసుకుంటున్న తలలు లేచాయి. కేక వచ్చింది. రుచిత అలవాటుగా నోరు తెరిచింది. అది తన నోరు కాదని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. దాని చేతులు సగంలో ఆగాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మా తల్లీ, క్షమించు అని కూతురితో మనసులోనే అనుకుంది సుభద్ర. డాన్సు పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ ఆగిపోయారు.

జగన్మోహనరావు స్టేజీ పక్కనుంచి బయటికొచ్చాడు. మైకు పుచ్చుకుని, "చిన్న టెక్నికల్ మిస్టేక్ అండీ, ప్లీజ్ ఎక్స్‌క్యూజ్," అని నవ్వి, చీకట్లో సౌండు బల్ల వైపు చూశాడు. "సుభద్రగారూ, మొదట్నించి వెయ్యండమ్మా! సరిగ్గా, మొదట్నించి!"

"అలాగేనండీ," అంది సుభద్ర. ఇక్కడి మాట అక్కడికి వినబడలేదు.

స్టేజీ మీద రుచిత తల్లి ఉన్న చీకటి వైపు చూస్తోంది. ఆ చూపులో కోపముందో, ఏడుపుందో ఇంత దూరం నుంచి తెలియలేదు. చెంప మీదికి చెయ్యి పోనిచ్చి టేపు పీకింది. చర్మంతో సహా వచ్చినట్టు మొహం చిట్లించింది. మైకుని నేల మీద పెట్టి, పక్కకి కాలితో జరిపి, మళ్ళీ మొదటి భంగిమలో నిలబడింది. ఈసారి పెదాలు బిగించి మూసుకుంది.

సుభద్ర మొదట్నించి వేసింది.

"ఒపాల్ హేస్టింగ్స్. టేక్ టూ."

జగన్మోహనరావు నవ్వు అలాగే మొహాన అంటుకుపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నడవ పక్కనున్న ఆంటీ, ఇందాక ఆవిడని కుర్చీలోంచి లేపినావిడే, ఊదా టోపీ వైపు తిరిగి, "యూ? దిస్ ఈజ్ యూ?" అని అడుగుతోంది. మిస్ ఒపాల్ ఆవిడకి జవాబివ్వలేదు. వేలు పెదాల మీద పెట్టి ఊరుకోమంది.

స్పీకర్లలో ఊపిరి చప్పుడు వినబడింది. సుభద్ర ఆవిడ భుజాల వైపే చూస్తోంది. లేవలేదు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తన కేక వింది.